కుళ్ళే చెత్త, కుళ్ళని చెత్త: గొయ్యి తవ్వి చూస్తే తెలిసిన సంగతులు

వీడియోలో గొయ్యి తవ్వి చూపించాను కానీ అందులో దొరికినవాటి గురించి పూర్తిగా చెప్పడానికి టైం సరిపోలేదు. చాలామంది ఫోన్ చేసి "అన్నా, కొబ్బరి పీచు ఎందుకు కుళ్ళలేదు, పేపర్ కప్పులో ఆ పొర ఏంటి" అని అడిగారు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఇంట్లో హైస్కూల్ చదివే పిల్లలుంటే వాళ్ళతో కూడా చదివించండి, వాళ్ళ సైన్సు పుస్తకంలో ఉన్న పాఠమే ఇది.

పుస్తకాల్లో జీవ విచ్ఛిన్నం చెందే వ్యర్థాలు, జీవ విచ్ఛిన్నం చెందని వ్యర్థాలు అని రాస్తారు. మన మాటలో చెప్పాలంటే కుళ్ళేవి, కుళ్ళనివి. మట్టిలో ఉండే బాక్టీరియా, బూజులు, వానపాములు తిని అరిగించుకుని నీరుగా, గాలిగా, మొక్కకి పనికొచ్చే పోషకంగా మార్చగలిగితే అది మొదటి రకం. వాటికి పళ్ళు దిగకపోతే రెండో రకం. వినడానికి ఇంతే. కానీ ఏది ఏ రకమో కంటితో చూసి చెప్పడంలోనే మనం మోసపోతున్నాం. నేనూ మోసపోయాను, ఆ సంగతి కింద చెబుతాను.

గొయ్యిలో ఏం వేశాం, ఏం దొరికింది

పోయిన ఆషాఢంలో, రెండు మంచి వానలు పడి నేల బాగా నానిన తర్వాత, మామిడి చెట్టు దగ్గర మూరెడు లోతు కాలువలా తీశాం. అందులో వరసగా పదకొండు రకాలు పెట్టి, దేని పక్కన దానికి వెదురు పుల్ల గుచ్చాం. అరటి ఆకు, న్యూస్ పేపరు, మా నాన్న పాత పంచె ముక్క, కొబ్బరి పీచు, గోనె సంచి ముక్క. ఇవి కుళ్ళుతాయని మేం అనుకున్నవి. యూరియా సంచి ముక్క, కిరాణా కవరు, షాంపూ ప్యాకెట్, మల్చింగ్ షీటు ముక్క. ఇవి కుళ్ళవని తెలిసినవే. చివర్లో రెండు అనుమానంగా పెట్టాం: టీ కొట్టులో ఇచ్చే పేపర్ కప్పు, బట్టల షాపుల్లో ఇచ్చే గుడ్డ సంచి లాంటి పల్చని సంచి. పైన మట్టి కప్పి, వానలు ముఖం చాటేసినప్పుడు రెండు బిందెల నీళ్ళు, ఒకసారి పది లీటర్ల జీవామృతం పోశాం. కార్తీకంలో తవ్వాం.

అరటి ఆకు ఈనె తప్ప ఏమీ లేదు. న్యూస్ పేపరు ఎక్కడ పెట్టామో పుల్ల చూసి చెప్పాల్సి వచ్చింది, అక్కడ మట్టి నల్లగా ఉంది, వానపాములు నాలుగైదు ఉన్నాయి. పంచె ముక్క పట్టుకుంటే చేతిలో పొడి అయింది, కానీ అంచు దారం మాత్రం కొత్తదానిలా ఉంది. పంచె నూలుది, అంచు పాలిస్టర్ది అని అప్పుడు తెలిసింది. గోనె సంచి సగం పోయింది. కొబ్బరి పీచు రంగు మారింది, అంతే.

పేపర్ కప్పు చూసి మా ఇంట్లో అందరూ నోరెళ్ళబెట్టారు. కాగితం మొత్తం కుళ్ళిపోయి, కప్పు ఆకారంలోనే ఒక పల్చటి పారదర్శకమైన పొర మిగిలింది. వేడి టీ కాగితంలోకి ఇంకకుండా లోపల పూసే ప్లాస్టిక్ అది. గుడ్డ సంచి అనుకున్నది దులిపితే మళ్ళీ కూరగాయలు తెచ్చుకునేలా ఉంది. అది గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారాలని నేయకుండా వేడితో అతికించి చేసింది. షాంపూ ప్యాకెట్ మీద ధర చదువుకోవచ్చు. మల్చింగ్ షీటు కడిగితే కొత్తదే.

కొబ్బరి పీచు ఎందుకు కుళ్ళలేదు?

కుళ్ళని వస్తువు కాబట్టి కాదు. దానికి టైం కావాలి. పదార్థంలో ముందు తీపి, పిండి లాంటివి పోతాయి, బాక్టీరియా వాటిని రోజుల్లో తినేస్తాయి. తర్వాత సెల్యులోజ్, అంటే ఆకుల్లో, నూలులో, కాగితంలో ఉండే పీచు. దీనికి బూజులూ కావాలి, వారాలూ నెలలూ పడుతుంది. ఆఖర్న లిగ్నిన్, అంటే కట్టెకి గట్టిదనం ఇచ్చే పదార్థం. దీన్ని బాగా విడగొట్టగలిగేది ఎండు కట్టె మీద పుట్టే కొన్ని రకాల పుట్టగొడుగుల జాతి బూజులే. కొబ్బరి పీచులో లిగ్నిన్ చాలా ఎక్కువ. అందుకే తాళ్ళకి, పరుపులకి పనికొస్తుంది, అందుకే మట్టిలో ఏళ్ళు ఉంటుంది. ఉన్నన్నాళ్ళూ తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి నష్టం లేదు.

ఇంకో లెక్క ఉంది, ఇది ప్రతి రైతుకీ తెలిసి ఉండాలి. సూక్ష్మజీవికి కర్బనం అన్నం లాంటిది, నత్రజని పప్పు లాంటిది. 25 నుంచి 30 పాళ్ళు కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటే కుప్ప చక్కగా కుళ్ళుతుంది. ఆవు పేడ ఇంచుమించు ఆ లెక్కలోనే ఉంటుంది. వరి గడ్డిలో కర్బనం దానికి రెండు మూడు రెట్లు ఎక్కువ. రంపపు పొట్టులో అయితే నత్రజని నామమాత్రం. పచ్చి గడ్డినీ పొట్టునీ తెచ్చి మట్టిలో కలిపి దున్నేస్తే ఏమవుతుందంటే, సూక్ష్మజీవులు తమకి చాలని నత్రజనిని మట్టిలోంచి లాక్కుంటాయి. పైరు పసుపు పచ్చగా అవుతుంది. "ప్రకృతి వ్యవసాయం చేస్తే పైరు పచ్చగా రాలేదు" అనేవాళ్ళలో కొందరి సమస్య ఇదే. అదే గడ్డిని మట్టి పైన ఆచ్ఛాదనగా పరిస్తే ఈ గొడవ లేదు. మట్టికి ఆనిన పొర మాత్రమే నెమ్మదిగా కుళ్ళుతుంది, లోపలి నత్రజని జోలికి పెద్దగా వెళ్ళదు.

కుప్ప పద్ధతిగా వేస్తే లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుడుతుంది. చెయ్యి పెట్టలేం. ఆ వేడికే కలుపు గింజలు, తెగుళ్ళ క్రిములు చస్తాయి. వేడి రాని కుప్ప, ఊరికే పెంటగొయ్యిలో పడేసి వదిలేసిన పచ్చి పేడ, పొలంలో వేస్తే కలుపుతో పాటు వేరుపురుగునీ తెచ్చిపెడుతుంది.

ప్లాస్టిక్‌కి పళ్ళు ఎందుకు దిగవు?

నూలు దారం కూడా పొడుగాటి గొలుసే, ప్లాస్టిక్ కూడా పొడుగాటి గొలుసే. తేడా లంకెల్లో ఉంది. నూలులో చక్కెర ముక్కలు ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ఆ లంకెని తెంచే ఎంజైములు బూజుల దగ్గర కోట్ల ఏళ్ళ నుంచి ఉన్నాయి. పాలిథిన్‌లో కర్బనం పక్కన కర్బనం, దాని పక్కన మళ్ళీ కర్బనం, వేల సంఖ్యలో అలాగే. ఆ తాళానికి సరిపోయే తాళంచెవి మట్టిలోని జీవుల దగ్గర దాదాపు లేదు. పైగా నీళ్ళు అంటుకోనివ్వదు. తడి లేని చోట సూక్ష్మజీవి పని చెయ్యదు.

ప్లాస్టిక్ 500 ఏళ్ళు ఉంటుంది, వెయ్యేళ్ళు ఉంటుంది అని వాట్సాప్‌లో పట్టికలు తిరుగుతుంటాయి. పాలిథిన్‌ని ఇంగ్లండులో ఒక కంపెనీ ప్రయోగశాలలో అనుకోకుండా కనిపెట్టిందే 1933లో. ఇంకా నూరేళ్ళు నిండలేదు. అంటే 500 అన్నది ఎవరూ చూసి చెప్పింది కాదు, అంచనా. మనకి తెలిసింది ఒక్కటే, మన జీవితంలో, మన పిల్లల జీవితంలో అది మట్టి కాదు.

"మరి యూరియా సంచి ఎండలో పెడితే ఏడాదిలో పొడిపొడి అయిపోతుందిగా" అని ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న. గట్టు మీద మడవ దగ్గర మట్టి నింపి పెట్టిన సంచిని రెండో ఏడు ఎత్తబోతే చేతిలో తుంపులు తుంపులుగా ఊడొస్తుంది. అది కుళ్ళడం కాదు, విరగడం. ఎండలోని అతినీల లోహిత కిరణాలు గొలుసుని ముక్కలు చేస్తాయి, కానీ ప్రతి ముక్కా ప్లాస్టికే. సంచిగా ఉన్నప్పుడు చేత్తో ఎత్తి పారేయొచ్చు. పొడి అయ్యాక ఎవడు ఏరగలడు? ఇప్పుడు మైక్రోప్లాస్టిక్ అని పేపర్లలో రాస్తున్నది దీన్నే. వానకి చెరువులోకి పోతుంది, మట్టిలో వానపాము మింగుతుంది.

నా షీటు, మా ఆవు

ఇక నా సంగతి. ఈ పద్ధతిలోకి రాకముందు ఒక ఎకరంలో మిరప వేసి మల్చింగ్ షీటు పరిచాను. పైన వెండి రంగు, కింద నలుపు, 25 మైక్రాన్లది. కలుపు రాలేదు, నీళ్ళు సగం మిగిలాయి, అబద్ధం చెప్పను. లెక్క వేసి చూడండి: ఆరడుగులకి ఒక బెడ్డు చొప్పున ఎకరానికి 2,200 మీటర్ల పొడవు షీటు పడుతుంది. నాలుగడుగుల వెడల్పు, 25 మైక్రాన్ల మందం అంటే బరువు దాదాపు 60 కిలోలు. అరవై కిలోల ప్లాస్టిక్‌ని నేను నా చేత్తో పొలంలో పరిచాను.

కోతలయ్యాక తీయబోతే బెడ్డు అంచుల్లో మట్టి కింద ఉన్నది చిరిగిపోయింది. కూలీ ఖర్చు చూసి భయపడి, వచ్చినంత లాగి గట్టు పక్కన కుప్ప వేసి, మిగిలినదాని మీద రోటవేటర్ తిప్పించేశాను. ఎంత తప్పు చేశానో అప్పుడు తెలియదు. పాయ చేత్తో ఏరగలిగేది, రోటవేటర్ వేశాక అరచేతి ముక్కలైంది. ఇప్పటికీ గొర్రు వేసినప్పుడల్లా వెండి రంగు తళుక్కుమంటుంది.

మా బాబాయి కూడా పక్క పొలంలో పుచ్చకి అదే షీటు వేశాడు. ఊళ్ళో వేసింది మేమిద్దరమే.

ఆ మరుసటి వేసవిలో మా ఒంగోలు ఆవు, రెండో ఈత, మేత తగ్గించింది. నెమరు ఆపేసింది. ఎడమ డొక్క ఉబ్బి గట్టిగా అయింది, పేడ కొంచెం కొంచెం వేస్తోంది. ఉబ్బరానికి మందు పోశాం, రెండు రోజులు చూశాం. పశువుల డాక్టరు గారు వచ్చి డొక్క నొక్కి చూసి, "ఇది గ్యాసు కాదండీ, లోపల ఏదో ఉంది, కోసి చూడాలి" అన్నారు. కోశారు. మొదటి పొట్టలోంచి చాప చుట్టలా అల్లుకుపోయిన ముద్ద తీశారు. కిరాణా కవర్లు, ప్లాస్టిక్ సుతిలి, మధ్యలో వెండి రంగు షీటు పేలికలు. మూడో రోజు రాత్రి ఆవు పోయింది.

షీటు ఎవరిదని డాక్టరు గారు అడగలేదు. నేనూ చెప్పలేదు. కుప్ప మా గట్టు మీదే ఉంది, ఆవు మేసిందీ ఆ గట్టు మీదే.

ఆవు ఎందుకు తింటుందని అడుగుతారు. ఆవుకి పై దవడలో ముందు పళ్ళు ఉండవు. నాలికతో చుట్టి లాగి, నమలకుండా మింగి, తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. మేకలా పెదవులతో ఏరుకోదు. గడ్డిలో చుట్టుకున్న ప్లాస్టిక్, అన్నం వాసన వచ్చే కవరు అలాగే లోపలికి పోతాయి. మొదటి పొట్ట నుంచి ముందుకి వెళ్ళే దారి సన్నం. బాగా నలిగిందే పోతుంది. ప్లాస్టిక్ నలగదు కాబట్టి ఏళ్ళ తరబడి అక్కడే పేరుకుంటుంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వాళ్ళు ఇలాంటి పశువుల విషయంలోనే 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు.

ప్రపంచంలో మల్చింగ్ షీటు బాధ ఎక్కువ చూసింది చైనా. షిన్‌జియాంగ్ పత్తి పొలాల్లో 8 మైక్రాన్ల పల్చటి షీటు ఏళ్ళ తరబడి వేసి, తీయలేక వదిలేసి, వేళ్ళూ నీళ్ళూ దిగని పరిస్థితి తెచ్చుకున్నారు. 2017లో కనీస మందం 10 మైక్రాన్లకి పెంచుతూ నిబంధన మార్చారు. ఎందుకంటే పల్చటిది చిరుగుతుంది, చిరిగింది చేతికి రాదు. కాబట్టి ఎవరైనా షీటు వేసే తీరాలి అనుకుంటే చౌక అని పల్చటిది కొనకండి, పంట అవగానే నేల కాస్త తడిగా ఉన్నప్పుడే చుట్టి తీసేయండి. నా సలహా అయితే వరి గడ్డి.

కుళ్ళేది కదా అని ఎక్కడైనా పడేయొచ్చా?

లేదు. ఇది చాలామంది తప్పుగా అనుకునే విషయం. ఇంటి చెత్తలో దాదాపు సగం కుళ్ళేదే. దాన్ని ప్లాస్టిక్‌తో కలిపి కుప్పలుగా పోస్తే గాలి ఆడదు. గాలి ఆడని చోట పనిచేసే బాక్టీరియా వేరు, అవి మీథేన్ వదులుతాయి. నూరేళ్ళ లెక్కలో చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే 28 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచే గాలి అది. వేసవిలో డంపింగ్ యార్డులు వాటంతట అవే తగలబడేది దాని వల్లే. కుప్ప కింద నుంచి కారే నల్లటి నీరు బోర్లలోకి, చెరువుల్లోకి దిగుతుంది. హైదరాబాద్ జవహర్ నగర్ యార్డు పక్కనున్న మల్కారం చెరువు నీళ్ళు ఆ ఊటతోనే పాడయ్యాయి. అలాగే పెళ్ళి భోజనాల మిగులు, కోళ్ళ ఫారం ఎరువు చెరువులో పోస్తే, దాన్ని కుళ్ళబెట్టే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్ మొత్తం వాడేసి చేపలు తేలిపోతాయి. విషం కలిపారని అరుచుకుంటారు, చాలాసార్లు విషం ఏమీ ఉండదు.

వరి గడ్డి కాల్చడం గురించి కూడా ఇక్కడే. ఒక టన్ను గడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 400 కిలోల కర్బనం ఉంటాయి. నిప్పు పెడితే కర్బనం, నత్రజని దాదాపు మొత్తం గాలికి పోతాయి. పొటాష్ బూడిదలో చాలావరకు ఉంటుంది కానీ మొదటి గాలికి పక్కవాడి పొలంలోకి పోతుంది.

పట్టణం నుంచి వచ్చే చెత్త ఎరువు మీద ఒక్క మాట. ఒకసారి ట్రాలీ తెప్పించాను. జల్లెడ పట్టకుండా పంపారు, గాజు పెంకులు, పెన్ను రీఫిల్స్, సెల్ బ్యాటరీలు. కలుపు తీయడానికి వచ్చిన అమ్మాయి కాలు తెగింది. బ్యాటరీల నుంచి వచ్చే సీసం, కాడ్మియం మట్టిలో విరగవు, కుళ్ళవు, ఎన్నేళ్ళయినా మూలకంగానే ఉంటాయి. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ కంపోస్టు కిలోలో సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. కొనేముందు పరీక్ష కాగితం అడగండి.

కుళ్ళనిది కంటికి కనిపించేదే కానక్కర్లేదు. డీడీటీని మన దేశంలో పంటలకి వాడకుండా 1989లో ఆపారు, ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఇవి నీళ్ళలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. గడ్డిలో కొంచెం, ఆ గడ్డి తిన్న గేదెలో ఇంకొంచెం ఎక్కువ, ఆ పాల వెన్నలో ఇంకా ఎక్కువ. మెట్టు ఎక్కిన కొద్దీ చిక్కబడుతుంది.

ప్యాకెట్ మీద రాసినదాన్ని నమ్మొచ్చా?

"బయోడీగ్రేడబుల్" అని ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి అమ్మేవాటిలో రెండు రకాలున్నాయి. ఆక్సో రకం అంటే మామూలు ప్లాస్టిక్‌లోనే త్వరగా విరగడానికి మందు కలిపింది. పైన చెప్పిన యూరియా సంచి కథే, ఇంకా తొందరగా. యూరప్ దేశాలు 2021 నుంచి దీన్ని నిషేధించాయి. రెండోది మొక్కజొన్న లాంటి పిండి నుంచి చేసే పీఎల్ఏ రకం. ఇది నిజంగానే కుళ్ళుతుంది, కానీ 58 డిగ్రీల దగ్గర వారాల తరబడి వేడి ఉండే కంపోస్టు ప్లాంటులో. మన పెరటి గొయ్యిలో ఆ వేడి అన్నాళ్ళు నిలవదు. కొంటే "కంపోస్టబుల్" అని, ఐఎస్ 17088 అని, కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబరుతో ఉందేమో చూడండి.

చట్టం సంగతి క్లుప్తంగా: 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు, స్ట్రాలు నిషేధం. అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి చేతి సంచి 120 మైక్రాన్లకి తగ్గకూడదు. సంతలో ఎలా ఉందో మీకు తెలుసు.

మా ఇంట్లో ఇప్పుడు మూడు చోట్లు పెట్టాం. వంటింటి చెత్త, పేడ, ఆకులు కుప్పకి. కవర్లు, సుతిలి, సంచులు, డ్రిప్ పైపు ముక్కలు పశువుల కొట్టానికి దూరంగా మూత ఉన్న డ్రమ్ములోకి. పాత డ్రిప్ లేటరల్స్‌ని పాత సామాన్ల వాళ్ళు కిలో లెక్కన కొంటారు, కాల్చకండి. పీవీసీ ముక్క ఒక్కటి మంటలో పడినా డయాక్సిన్లు పుడతాయి, ఆ పొగ పీల్చేది మనమే. మూడోది బ్యాటరీలు, ట్యూబ్ లైట్లు, పాత పురుగుమందు డబ్బాలు. డబ్బాలు ఇంకా ఎవరింట్లోనైనా ఉంటే మూడుసార్లు కడిగి, కడిగిన నీళ్ళు పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకి మేకుతో చిల్లులు పెట్టండి. చిల్లు పెట్టకపోతే ఎవరో ఒకరు దాంట్లో కిరోసిన్ పోసుకుంటారు, కొందరు నీళ్ళు కూడా.

టమాటా పందిరికి ప్లాస్టిక్ సుతిలి మానేసి పురికొస కడుతున్నాం. కొంచెం ఖర్చు ఎక్కువే, కానీ పంటయ్యాక ఏరే కూలీ మిగులుతుంది, మొక్కతో పాటే కుప్పలోకి పోతుంది.

గొయ్యిని మళ్ళీ పూడ్చేశాం. కొబ్బరి పీచు, గోనె, కప్పు పొర, షీటు ముక్క, ఇంకా ఈసారి కొత్తగా "కంపోస్టబుల్" కవరు ఒకటి, టీ బ్యాగు ఒకటి పెట్టాం. మీరూ ఈ వానలకి పెట్టండి, మూరెడు లోతు చాలు, పుల్ల గుచ్చడం మర్చిపోకండి, లేకపోతే కుళ్ళినవి ఎక్కడ పెట్టారో దొరకదు. మాది వచ్చే కార్తీకంలో తవ్వుతాం, ఆ రోజు వీడియో పెడతాను.